తూకం సరిచూసే పని

ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిక చూసుకుని చదవండి. డిగ్రీలో సైన్స్ తీసుకుని "దీంతో టీచర్ ఉద్యోగం తప్ప ఏమొస్తది" అనుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారు కదా, ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నాం. మా తప్పు ఒకటి కూడా ఇందులో ఉంది. దాన్ని దాచి మిగతాది రాస్తే ఈ పోస్టుకు అర్థం ఉండదు.

మేము ముగ్గురం. ముగ్గురివీ ఏజెన్సీ ఊళ్లే. ఒకే హాస్టల్, ఒకే రూం, బీఎస్సీ బయోటెక్నాలజీ మూడో ఏడు. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్న ఎండాకాలం హైదరాబాద్ అవతల శామీర్‌పేట వైపు, జీనోమ్ వ్యాలీలో ఒక వ్యాక్సిన్ కంపెనీలో ఆరు వారాలు ఇంటర్న్‌షిప్ చేశాం. కంపెనీ పేరు ఇక్కడ రాయం. మమ్మల్ని వేసింది వ్యాలిడేషన్ డిపార్ట్‌మెంట్‌లో. ఆ మాట అంతకుముందు పుస్తకంలో ఒక పేరాగా చదివి పరీక్షలో నాలుగు మార్కులకు రాసిందే తప్ప, అదొక ఉద్యోగమని మాకు తెల్వదు.

మొదటి ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అడిగింది: "ఏం పనిరా అక్కడ? మందు తయారు చేస్తరా?"

"లేదే అమ్మా. మందు తయారు చేసే మిషన్ నిజం చెప్తుందో లేదో చూస్తం."

"మిషన్ అబద్ధం చెప్తదా?"

చెప్తదమ్మా. సంతలో తక్కెడ చెప్పినట్టే.

మనలో సంతకు చింతపండు మోసుకుపోని ఇల్లు ఏది? ఇంట్లో పది కిలోలు ఉన్న మూట షావుకారి కాటా మీదికి ఎక్కేసరికి ఎనిమిదిన్నర అయితది. గట్టిగా అడిగితే "మీ ఇంట్లో కాటా ఉందా?" అంటడు. మాలో ఒకరి తాత దీనికి ఒక ఉపాయం పట్టాడు. సంతలో అడుగు పెట్టగానే ముందు ఒక కిలో ఉప్పు ప్యాకెట్ కొంటాడు. మూట దించే ముందు ఆ ప్యాకెట్‌ను షావుకారి కాటా మీద పెడతాడు. కాటా కిలో చూపిస్తేనే మూట దించుతాడు, లేకపోతే పక్క షావుకారి దగ్గరికి పోతాడు. తాతకు చదువు రాదు. కానీ మాకు కంపెనీలో మొదటి వారం నేర్పింది సరిగ్గా ఇదే. బరువు ముందే తెలిసిన వస్తువును కాటా మీద పెట్టి, కాటా ఎంత చూపిస్తుందో చూడటం. దాన్ని క్యాలిబ్రేషన్ అంటారు. ఈ కథ మా మేడంకు చెప్తే ఆమె నవ్వి, "ప్యాకెట్ కవర్ బరువు కూడా కలిపి చూడమను మీ తాతను" అన్నది. వ్యాలిడేషన్ వాళ్ల నవ్వు కూడా అట్లనే ఉంటది.

క్యాలిబ్రేషన్ ఈ పనిలో మొదటి మెట్టు మాత్రమే. కొత్త మిషన్ వచ్చిందనుకోండి. మొదట, మనం అడిగిన మిషనే వచ్చిందా, అడిగిన లోహంతోనే చేశారా, కరెంటు, నీళ్లు, ఆవిరి సరిగ్గా కలిపారా అని చూస్తారు. ఇది ఇన్‌స్టలేషన్ క్వాలిఫికేషన్. తర్వాత ఖాళీగా నడిపి, ప్రతి బటన్, ప్రతి అలారం చెప్పిన పని చేస్తుందా అని చూస్తారు. ఇది ఆపరేషనల్ క్వాలిఫికేషన్. ఆఖరున, రోజూ పెట్టే సరుకే పెట్టి, మళ్లీ మళ్లీ అదే ఫలితం వస్తుందా అని చూస్తారు. ఇది పెర్ఫార్మెన్స్ క్వాలిఫికేషన్. ఎద్దును కొనేటప్పుడు మనోళ్లు ముందు పళ్లు చూస్తారు, తర్వాత నడిపించి చూస్తారు, ఆ తర్వాత నాగలి కట్టి ఒక చాలు దున్నించి చూస్తారు. ఇదీ అంతే.

ఆటోక్లేవ్ సంగతి చెప్తే ఇంకా బాగా అర్థమైతది. పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకోండి. 121 డిగ్రీల ఆవిరిలో 15 నిమిషాలు ఉంచితే సూక్ష్మజీవులు చస్తాయని మనం చదువుకున్నాం. బయట మీటర్ 121 చూపిస్తుంది. మరి లోపల అడుగున, మూలన, మూటల మధ్యన కూడా 121 ఉన్నట్టు ఎవరు చెప్పారు? లోపల గాలి మిగిలిపోతే ఆ చోటుకు ఆవిరి చేరదు. అందుకే లోపల చాలా చోట్ల థర్మోకపుల్ తీగలు పెడతారు. అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోటు ఏదో వెతుకుతారు. వేడికి అంత తేలిగ్గా చావని జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బాక్టీరియా స్పోర్లను అక్కడ పెట్టి మిషన్ నడుపుతారు. అవి కూడా చస్తేనే ఆ మిషన్ పాసైనట్టు.

ఇదంతా అతి జాగ్రత్త అని మొదట మేమూ అనుకున్నాం. అప్పుడు మేడం ఒక పాత సంగతి చెప్పింది. 1972లో ఇంగ్లండ్‌లో, ప్లిమత్‌లోని డెవన్‌పోర్ట్ ఆస్పత్రిలో సెలైన్ లాగా ఎక్కించే డెక్స్‌ట్రోజ్ సీసాల వల్ల రోగులు చనిపోయారు. విచారణ చేస్తే, ముందటేడు ఆటోక్లేవ్‌లో ఆ సీసాలు పెట్టినప్పుడు అడుగున గాలి ఉండిపోయి, కింది వరుస సీసాలకు వేడి చేరలేదని తేలింది. ఒక థర్మామీటర్ వేడి చాలలేదనే చూపించింది. చూసినవాళ్లు ఆ థర్మామీటరే పాడైంది అనుకున్నారు. నిజం చెప్పిన తక్కెడను పక్కన పెట్టి, తమకు ఇష్టమైన తక్కెడను నమ్మారన్నమాట. 1970ల నడుమ అమెరికాలో వ్యాలిడేషన్ అనే పద్ధతి మొదలవడానికి ఇట్లాంటి సీసాల కథలే కారణం.

"తయారైన సీసాలను టెస్ట్ చేస్తే సరిపోతది కదా, ఇదంతా ఎందుకు?" అని మీరు అడగొచ్చు. మేమూ అడిగాం. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు మన పెద్దలు. నిజమే, ఎందుకంటే మెతుకులన్నీ ఒకే కుండలో ఉన్నాయి. వ్యాక్సిన్ సీసాలు అట్ల కాదు. ప్రతి సీసా ఒక వేరే కుండ. టెస్ట్ చేయాలంటే సీసా తెరవాలి, తెరిచింది ఇక పనికిరాదు. వేల సీసాల్లో ఇరవై తెరిచి చూస్తే ఆ ఇరవై సంగతే తెలుస్తుంది. మిగతావి బిడ్డల తొడకు వేసేవి. వాటిని ఎవరూ తెరిచి చూడరు. కాబట్టి సీసాలను కాదు, సీసాలు తయారయ్యే దారినే పరీక్షించాలి.

అందులోనూ బయో మందులు ఇంకా తిప్పలు. గోలీ అయితే రసాయనాలు కలిపి చేస్తారు. ఇక్కడ తయారు చేసేవి బతికున్న కణాలు. బయోరియాక్టర్‌లో వాటికి తిండి పెట్టి, గాలి ఇచ్చి, వెచ్చదనం చూసి పెంచాలి. అవి చేసిన ప్రోటీన్‌ను శుద్ధి చేసి తీయాలి. ఆఖరున సీసాలో పోశాక 121 డిగ్రీల్లో పెడదామంటే కుదరదు, ప్రోటీన్ గుడ్డు ఉడికినట్టు పాడైతది. అందుకే ముందు నుంచీ ఏ క్రిమీ దూరకుండా నింపాలి. దీనికి చేసే పరీక్ష పేరు మీడియా ఫిల్. వ్యాక్సిన్ బదులు బాక్టీరియాకు ఇష్టమైన సోయాబీన్ కేసిన్ ద్రవం పోస్తారు. అవే మిషన్లు, అవే మనుషులు, అదే షిఫ్టు. తర్వాత ఆ సీసాలను 14 రోజులు వెచ్చగా ఉంచుతారు. ఒక్క సీసా మబ్బు పట్టినా ఎందుకు పట్టిందో తవ్వి తీయాలి. ఆ గదిలోకి మమ్మల్ని రానివ్వలేదు, అద్దం ఇవతల నుంచి చూశాం. లోపలివాళ్లు నీళ్లలో నడిచినట్టు మెల్లగా కదులుతారు. గబుక్కున చెయ్యి ఊపితే గాలి చెదిరి దుమ్ము లేస్తుందని.

మాకు గౌను తొడగడం మాత్రం నేర్పారు. మొదటి రోజు ముగ్గురం తప్పాం. గౌను కింది అంచు నేలకు తాకింది. మాలో ఒకరి చేతికి జాతరలో కట్టించుకున్న దారం ఉంది, తీసేయమన్నారు. అతను కాసేపు ఆగి, తనే కత్తిరించుకుని పర్సులో పెట్టుకున్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు. అయినా ఆ రోజు బస్సులో ముగ్గురం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇప్పుడు మా తప్పు సంగతి.

నాలుగో వారం మాకు కోల్డ్ రూం మ్యాపింగ్‌లో పని పడింది. వ్యాక్సిన్లు పెట్టే చల్లగది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మూలల్లో, తలుపు దగ్గర, ఫ్యాన్ ముందర, పైన, కింద లాగర్లు పెడతారు. అవి వాటంతట అవే వేడిని నమోదు చేస్తుంటాయి. గోడ మీది డిస్‌ప్లే ఎంత చూపిస్తుందో మనిషి అరగంటకోసారి చూసి, కాగితం మీద రాసి, సంతకం పెట్టాలి. మాకు ట్రైనింగ్ ఇచ్చి ఆ పని అప్పగించారు. రాత్రి షిఫ్టు, వంతుల వారీగా.

తెల్లారుజామున మూడున్నరకు రాయాల్సినవాడికి కన్ను అంటుకుంది. లేచేసరికి నాలుగు. డిస్‌ప్లే 4.6 అని ఉంది. మూడింటికి రాసింది 4.4. మధ్యలో ఖాళీ గడి. అందులో 4.5 అని రాసి సంతకం పెట్టాడు.

అంతే. ఎవరూ చూడలేదు. లాగర్లు ఎట్లాగూ ఉన్నాయి. 4.4, 4.6 నడుమ 4.5 కాక ఇంకేముంటది?

పొద్దున కంపెనీ బస్సులో ఆ మాట బయటపడింది. ఎవరు రాశారో ఇక్కడ చెప్పం. మిగతా ఇద్దరికీ కూడా నిద్ర వచ్చింది, వాళ్ల వంతు కాదు కాబట్టి తప్పించుకున్నారు. శామీర్‌పేటలో మేము అద్దెకు తీసుకున్న రేకుల గదిలో ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు. ఎండాకాలం హాస్టల్ మూసేస్తారు కదా, ముగ్గురం డబ్బులు వేసుకుని ఆ గది పట్టుకున్నాం.

ఒకరు అన్నారు: చెప్పొద్దు. మనల్ని తీసుకునే ముందే ఒకాయన "హాస్టల్ పిల్లలు, నైట్ షిఫ్టులు చేయగలరా" అని మా ముందే అన్నాడు. ఇప్పుడు మనమే పోయి చెప్తే, ఇదిగో చూశారా అంటారు. మనకు సర్టిఫికెట్ ఇవ్వకపోతే పోనీ, వచ్చే ఏడు మన జూనియర్లను గేటు దగ్గరే ఆపేస్తారు. మన తప్పు మన ఒక్కరిదిగా ఎవరూ చూడరు, మన అందరి మీద రాస్తారు.

ఈ మాట అబద్ధం కాదు. ఇది చదువుతున్న మీకు అందరికీ తెలుసు. పెద్దింటి పిల్లవాడు తప్పు చేస్తే ఆ పిల్లవాడు తప్పు చేసినట్టు. మనం తప్పు చేస్తే మన జాతి మొత్తం తప్పు చేసినట్టు.

ఇంకొకరు అన్నారు: షావుకారి కాటా మీద తాత ఉప్పు ప్యాకెట్ పెట్టేది ఎందుకు? చూడకుండా అంకె చెప్పేవాడు వాడు. ఇప్పుడు మనం చేసింది ఏంది?

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. సాయంత్రం షిఫ్టుకు పోగానే ముగ్గురం మేడం దగ్గరికి పోయి, "మేడం, మేము ఒక రీడింగ్ చూడకుండా రాశాం" అన్నాం.

ఆమె తిట్టలేదు. కాగితం తెప్పించి, "ఎవరు రాశారు?" అన్నది.

"మేము, మేడం."

"మేము అని రాయడానికి ఇందులో గడి లేదు. ఒకరి పేరే పడుతుంది. ఎవరు?"

మా ఊళ్లల్లో కష్టమొస్తే "మేము" అంటాం. అడివికి పోయినా మేము, పోడు కొట్టినా మేము, ఫారెస్టోళ్లు అడిగినా మేము. అది మాకు తెలిసిన ధైర్యం. ఆ కాగితానికి ఆ మాట పనికిరాలేదు. ఈ పనిలో మొదటి నియమమే అది. ఏ అంకె ఎవరు రాశారో తెలియాలి, చదవడానికి వీలుగా ఉండాలి, చూసిన క్షణంలోనే రాయాలి, అదే అసలు కాగితం కావాలి, ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి దీన్ని ఆల్కోవా అంటారు. మా ముగ్గురిలో ఒకరు ముందుకు జరిగి పేరు చెప్పాడు. తప్పు అంకె కనబడేటట్టే దాని మీద ఒక్క గీత గీసి, పక్కన "చూడలేదు, రాయలేదు" అని రాసి, సంతకం, తేదీ వేశాడు. వైట్‌నర్ పూయకూడదు, దిద్దకూడదు. తర్వాత డీవియేషన్ ఫారం నింపారు.

రెండు రోజులకు లాగర్ల లెక్క వచ్చింది. మూడున్నరకు డిస్‌ప్లే సెన్సర్ పక్కనున్న లాగర్ 6.8 చూపించింది. ఆ టైంలో గది డీఫ్రాస్ట్‌లోకి పోయింది. ఫ్యాన్ చుట్టూ పట్టిన మంచు కరగడానికి కొంతసేపు చల్లదనం ఆగుతుంది, తర్వాత మళ్లీ దిగుతుంది. 6.8 అంటే హద్దులోనే ఉంది, గదికి ఏం కాలేదు. కానీ మేము రాసిన 4.5 మాత్రం ఉత్త అబద్ధం. ముందు అంకెకూ వెనక అంకెకూ నడుమ ఉండాల్సింది మాకు తెలుసనుకున్నాం. తెల్వదు. లోపల ఏం జరుగుతుందో చూడకుండా తెలిసే వీలే ఉంటే, ఈ ఉద్యోగమే అవసరం లేదు.

ఆ తర్వాత మేడం ఇంకో పాత కథ చెప్పింది. 1902లో పంజాబ్‌లో మల్కోవాల్ అనే ఊళ్లో ప్లేగు టీకా వేసుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. 19 మందికీ ఒకే సీసాలోంచి వేశారు. టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ మీద నింద పడింది, ఉద్యోగం పోయింది. తప్పు ఆయన ల్యాబ్‌ది కాదు, ఊళ్లో సీసా మూత తీసే దగ్గర జరిగి ఉంటుందని పెద్ద శాస్త్రవేత్తలు గట్టిగా వాదించాక, 1907లో గానీ ఆయన మీది మచ్చ పోలేదు. "ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు అనే కాగితం ఎవరినో పట్టించడానికే అనుకుంటారు. తప్పు చేయనివాణ్ని కాపాడేది కూడా అదే" అన్నది.

మాకు ఏమైంది అని అడుగుతారు. పేరు చెప్పిన అతనికి మిగిలిన రోజులు రికార్డు రాసే పని ఇవ్వలేదు. ముగ్గురికీ ట్రైనింగ్ మళ్లీ మొదటి నుంచి. సర్టిఫికెట్ ఇచ్చారు, కానీ "బాగా చేశారు" లాంటి మాట అందులో లేదు. మొదటి రోజు ఆ మాట అన్న ఆయన మళ్లీ ఏదో అన్నాడని విన్నాం. జూనియర్లను తీసుకుంటారో లేదో ఇంకా తెల్వదు. వచ్చే ఎండాకాలం తెలుస్తది. కాబట్టి నిజం చెప్తే అంతా మంచే జరుగుతదని ఈ పోస్టులో మేము రాయడం లేదు. చెప్పాం, ఇప్పుడు నిద్ర పడుతున్నది. అంతవరకే రాయగలం.

ఈ పని మీద మనసున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కొన్ని మాటలు. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ, బీఫార్మసీ చదివినవాళ్లు ఈ డిపార్ట్‌మెంట్‌లోకి పోవచ్చు. ఇన్‌స్ట్రుమెంటేషన్, మెకానికల్ డిప్లొమా చేసినవాళ్లు కూడా మాకు అక్కడ కనబడ్డారు. పనిలో సగం మిషన్ దగ్గర, సగం కాగితం దగ్గర. ప్రోటోకాల్ రాయాలి, పరీక్ష చేయాలి, రిపోర్టు రాయాలి, అన్నీ ఇంగ్లీషులోనే. పెద్ద ఇంగ్లీషు కాదు, చిన్న చిన్న వాక్యాలు. ఏం చేశాం, ఏం చూశాం, ఎంత వచ్చింది. సగటు, స్టాండర్డ్ డీవియేషన్ లెక్కలు, ఎక్సెల్ ఇప్పటి నుంచే నేర్చుకోండి. 2023 డిసెంబర్‌లో మన దేశంలో మందుల తయారీ నియమాలు, అంటే షెడ్యూల్ ఎం, మార్చి కొత్తగా ఇచ్చారు. అందులో వ్యాలిడేషన్ గురించి ఉంది. పుస్తకం కొనక్కర్లేదు, ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. నైట్ షిఫ్టులు ఉంటాయి. మొదట్లో కాంట్రాక్టు మీద తీసుకునే చోట్లు కూడా ఉంటాయి, అడిగి తెలుసుకుని చేరండి. ఎండాకాలం ఇంటర్న్‌షిప్ అయితే గది సంగతి రెండు నెలల ముందే చూసుకోండి.

ఆఖరుగా ఒకటి. జూన్‌లో ఊరికి పోయినప్పుడు ముగ్గురం మాలో ఒకరి ఊళ్లో కలిశాం. ఏఎన్ఎం అక్క టీకాల డబ్బా భుజానికి వేసుకుని వాగు దాటి వచ్చింది. ఐస్ ప్యాకుల నడుమ సీసాలు. సీసా మీద గుండ్రటి గుర్తు, దాని నడుమ తెల్లటి చదరం. వేడి తగిలేకొద్దీ చదరం నల్లబడతది, చుట్టూ ఉన్న రంగుతో కలిసిపోతే ఆ సీసా పారేయాలి అని అక్కే మాకు చూపించింది. చిన్నప్పుడు మాకు కూడా ఇట్లనే వేసి ఉంటారు. శామీర్‌పేటలో అన్ని కోట్ల మిషన్లతో సరిచూసిన దారి, ఆఖరి నాలుగు కిలోమీటర్లు ఈ అక్క భుజం మీద నడుస్తది.

మర్నాడు ఆస్పత్రికి పోయి, టీకాలు పెట్టే ఫ్రిజ్ చూస్తామని అడిగాం. పక్కనే రిజిస్టర్ వేలాడుతున్నది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేడి చూసి రాయాలి. పేజీ అంతా నిండి ఉంది, ఒక్క సాయంత్రం గడి తప్ప. దాని పక్కన "వాన, వాగు పొంగింది, రాలేదు" అని రాసి సంతకం ఉంది.

మాలో ఒకరు ఆ ఖాళీ గడినే చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

ఏమన్నా అడగాలంటే కింద అడగండి. తెలిసింది చెప్తాం. ఇప్పటికే ఈ పనిలో ఉన్న అన్నలు, అక్కలు ఎవరన్నా గ్రూపులో ఉంటే, మేము తప్పుగా రాసింది సరిదిద్దండి.

జోహార్.